రెండు కిలోల లైను మీద ఇరవై కిలోల చేప: లైను ఎందుకు తెగదు, తెగితే ఎక్కడ తెగుతుంది

రెండు కిలోల బరువు వేలాడదీస్తే తెగిపోయే నైలాన్ లైను మీద పదిహేను, ఇరవై కిలోల పండుగప్ప దొరుకుతుందంటే కొత్తవాళ్లకు నమ్మబుద్ధి కాదు. కానీ లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. నీళ్లలో ఉన్నంతసేపూ చేపకు బరువు దాదాపు లేనట్టే. ఒంట్లో ఉన్న గాలితిత్తి వల్ల అది చుట్టూ ఉన్న నీటితో సరితూగి నిలబడుతుంది. లైను మోయాల్సింది దాని బరువును కాదు. అది తోక విసిరినప్పటి ఊపును, తల విదిలించినప్పటి కుదుపును, అది పరుగెత్తుతుంటే దాని ఒంటికీ లైనుకూ తగిలే నీటి ఒరిపిడిని మోయాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అరగంట పాటు సగటున అర కిలో లాగుడు పడితే రెండు కిలోల లైనుకు ఏమీ కాదు. ఆ అరగంటలో ఒక్క క్షణం, కన్ను మూసి తెరిచేలోపు, రెండు కిలోలు దాటితే మాత్రం అంతా అయిపోతుంది. లైను తెగేది సగటుకు కాదు, శిఖరానికి. రాడ్, రీల్, ముడి, ముల్లు, పడవ నడిపే తీరు, చివరికి పోటు వేళ ఎంచుకోవడం కూడా ఆ శిఖరాన్ని కోయడానికే. ఇది మనసుకు ఎక్కితే మిగిలిన నిర్ణయాలు వాటంతటవే తేలికవుతాయి.

లైను మీద రాసిన అంకె

డబ్బా మీద 2 కిలోలు అని రాసి ఉంటే అది 2 కిలోలకే తెగుతుందని అనుకోకూడదు. మామూలు 'టెస్ట్' లైన్లు రాసిన అంకె కంటే ఎక్కువ బరువుకే తెగుతాయి, కొన్ని చాలా ఎక్కువకు. అల్లిక లైన్లలో, అంటే పీఈ (పాలీఇథిలిన్) రకాల్లో, ఈ తేడా మరీ పెద్దది. చేపల వేట రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ పేరుతో, 'ఐజీఎఫ్ఏ క్లాస్' అని అమ్మేవి దీనికి తిరగబడి ఉంటాయి. అవి తడి మీద ఆ అంకెకు లోపలే తెగాలి. 1939లో ఏర్పడిన ఆ సంస్థ రికార్డు దరఖాస్తుతో పాటు లైను ముక్క తెప్పించుకుని, తడిపి, తెంపి చూస్తుంది. అంకె దాటితే చేప పై క్లాసులోకి, అంటే ఇంకా బలమైన లైన్ల వర్గంలోకి, వెళ్తుంది. రికార్డుల జోలికి వెళ్లని వాళ్లకు కూడా ఈ తేడా తెలియాలి. ఎందుకంటే డ్రాగ్ లెక్క, అంటే ఎంత లాగుడుకు రీల్ నుంచి లైను జారాలో బిగించే బ్రేకు లెక్క, మొత్తం నిజమైన తెగే బరువు మీదే నిలబడుతుంది.

ఆ బరువును ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మీటరు లైను తీసుకుని అరగంట నీళ్లలో నానబెట్టండి. నైలాన్ నీరు పీల్చి పదో వంతో, ఇంకాస్త ఎక్కువో బలం కోల్పోతుంది. పొడి లైను మీద తీసిన అంకె అందుకే పనికిరాదు. పీఈ నీరు పీల్చదు. తర్వాత, నీళ్ల దగ్గర వాడబోయే ముడినే కట్టి, చేతి త్రాసుకు తగిలించి మెల్లగా లాగి, ఎంతకు తెగిందో రాసుకోండి. ఇలా ఐదుసార్లు చేసి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెను పట్టుకోండి. సగటు తీయొద్దు. పెద్ద చేప పడ్డ రోజున మీ ముడి సగటుగానే కుదిరిందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నైలానా, పీఈనా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. తెగే లోపు నైలాన్ రకాన్ని బట్టి తన పొడవులో ఐదో వంతు దాకా సాగుతుంది. పీఈ సాగేది ఐదు శాతం లోపే. యాభై మీటర్ల లైను బయట ఉన్నప్పుడు నైలాన్ సాగుదలే పెద్ద కుషన్: చేప తల విదిలిస్తే ఆ దెబ్బను లైనే మింగేస్తుంది. పీఈ సన్నగా ఉంటుంది, దూరం పడుతుంది, ఎర కదలిక చేతికి తెలుస్తుంది. కానీ కుదుపు మొత్తం ముడి మీదకు నేరుగా వస్తుంది, ఆల్చిప్ప అంచు తగిలితే అక్కడికక్కడే చీలిపోతుంది. మూడు కిలోలు, అంతకంటే తక్కువ లైనుతో పెద్ద చేపను పట్టాలనుకుంటే నైలానే మేలు. నాలుగు కిలోల పైన పీఈ వాడినా ఫరవాలేదు, డ్రాగ్ మాత్రం ఇంకాస్త వదులుగా పెట్టుకోవాలి.

డ్రాగ్: పెట్టిన అంకె అలాగే ఉండదు

మొదట పెట్టుకోవాల్సిన డ్రాగ్, తడి ముడి తెగే బరువులో నాలుగో వంతు. ముడి 1.8 కిలోలకు తెగిందనుకుంటే 450 గ్రాములు. ఈ కొలతను రీల్ దగ్గర లైను పట్టుకుని లాగి తీయకూడదు. రాడ్‌ను చేపతో పోరాడేటప్పటిలా వంచి, లైనును అన్ని గైడ్ల (రాడ్ మీది రింగుల) గుండా పోనిచ్చి, త్రాసు కొక్కేనికి కట్టి, మరొకరు నడుస్తూ లాగుతుంటే చూడాలి. వంగిన రాడ్ మీద లైను ప్రతి గైడ్‌నూ రాసుకుంటూ పోతుంది కాబట్టి, రీల్ దగ్గర 400 గ్రాములు ఉన్నది చేప వైపు 500 దాకా తేలొచ్చు. రాడ్‌ను చేప వైపు చూపిస్తే ఆ అదనం పోతుంది. పరుగు మొదలవగానే రాడ్ దించాలని పాతకాపులు చెప్పేది ఇందుకే. మీట ముట్టుకోకుండానే డ్రాగ్ తగ్గించే మార్గం అది.

రెండో సంగతి స్పూలు, అంటే రీల్‌లో లైను చుట్టుకునే కండె. బ్రేకు బిగింపు మారకపోయినా లైను బయటకు పోయే కొద్దీ స్పూలు మీది చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసం పదో వంతు తగ్గితే లైను మీద లాగుడు దాదాపు పదకొండు శాతం పెరుగుతుంది, సగానికి తగ్గితే రెట్టింపవుతుంది. వెడల్పాటి స్పూలు ఉన్న 2500 సైజు స్పిన్నింగ్ రీల్‌లో, అడుగున నింపుడుకు వేరే లైను (బ్యాకింగ్) వేసి పై అంచుకు రెండు మిల్లీమీటర్ల లోపు వరకు నింపుకుంటే, సన్న లైను వంద మీటర్లు పోయినా ఈ తేడా పట్టించుకోదగ్గది కాదు. సగం ఖాళీ స్పూలుతో బయలుదేరితేనే ప్రమాదం.

మూడోది అంకెల్లో కనిపించదు, కానీ అన్నిటికంటే ఎక్కువ చేపలను పోగొట్టేది అదే: డ్రాగ్ కదలడం మొదలుపెట్టే క్షణం. డ్రాగ్ లోపల ఆగి ఉన్న వాషర్లు కదలడానికి పట్టే బలం, కదులుతున్నప్పుడు పట్టే బలం కంటే ఎక్కువ. ఆ తేడా 50 గ్రాముల లోపు ఉంటే సరే. త్రాసు ముల్లు ఒక్కసారి 800కి ఎగిరి తర్వాత 450కి దిగుతోందంటే, చేప ఆగి మళ్లీ కదిలిన ప్రతిసారీ లైను ఆ దెబ్బ తింటోందని అర్థం. వాషర్లు విప్పి, ఉప్పు మురికి తుడిచి, డ్రాగ్ గ్రీజు పలచగా పూసి మళ్లీ చూడండి. పని అయిపోయాక డ్రాగ్ మీట పూర్తిగా వదులు చేసి పెట్టడం కూడా ఇందుకే. నెలల తరబడి నొక్కుడులో ఉన్న వాషర్లు అతుక్కుపోతాయి.

స్పిన్నింగ్ రీల్ వాడేవాళ్లకు ఇంకో మాట. డ్రాగ్ జారుతుండగా హ్యాండిల్ తిప్పితే లైను ఒక్క అంగుళం కూడా లోపలికి రాదు, మెలి మాత్రం పడుతుంది. గేర్ నిష్పత్తి 5:1 అయితే హ్యాండిల్ ఒక్క చుట్టుకు ఐదు మెలికలు. అరగంట పోరులో కంగారుగా తిప్పుతూనే ఉంటే తర్వాత వేసే విసురులోనే లైను ఉండలు చుట్టుకుంటుంది, సన్న లైనులో అక్కడే బలం పోతుంది.

నీరే లైనును తెంపుతుంది

నదీముఖంలో పెద్ద చేప రెండు కిలోల లైను మీద వంద మీటర్లు పరుగెత్తి, ఒక్కసారి పక్కకు తిరిగితే ఏమవుతుంది? లైను నేరుగా ఉండదు, నీటిలో పెద్ద విల్లులా వంగి అడ్డంగా కోసుకుంటూ పోతుంది. 0.16 మిల్లీమీటర్ల మందం లైను యాభై మీటర్లు అడ్డంగా సెకనుకు ఒక మీటరు వేగంతో నీటిని కోస్తే, దాని మీద పడే ఒరిపిడి ఇంచుమించు అర కిలో. వేగం రెట్టింపైతే ఒరిపిడి నాలుగింతలు, అంటే రెండు కిలోలకు దగ్గర. మీ డ్రాగ్ 450 గ్రాముల దగ్గరే ఉంది, మీరు ఏ తప్పూ చేయలేదు, అయినా లైను తెగింది. 'ఏం జరిగిందో అర్థం కాలేదు, డ్రాగ్ మెత్తగానే ఉంది' అని వినిపించే మాటల వెనక చాలాసార్లు ఉన్నది ఇదే.

దీనికి రెండు మందులు. చేప దూరం పోయే కొద్దీ డ్రాగ్ తగ్గించాలి. ఎనభై మీటర్లు దాటాక బిగించాలని చేతులు లాగుతాయి కానీ చేయాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. రెండోది, దూరం పోనివ్వకుండా పడవతో వెంటాడడం. సన్న లైను మీద పెద్ద చేపను పట్టడంలో సగం పని పడవ నడిపేవాడిదే. లంగరు తాడుకు తేలే బుడ్డి కట్టి ఉంచితే, చేప పడగానే తాడు నీళ్లలోకి వదిలేసి కదలొచ్చు, లంగరు లాగుతూ నిమిషాలు పోగొట్టుకోనక్కర్లేదు. వెంటాడేటప్పుడు నేరుగా చేప మీదకు వెళ్లొద్దు. పక్క నుంచి, ఏటవాలుగా, ముప్పై నలభై మీటర్ల దూరంలో ఉండేలా పోవాలి.

ప్రవాహంలో ఎవరు ఎటు ఉన్నారన్నది కూడా ముఖ్యమే. చేప దిగువన, మీరు ఎగువన ఉంటే, అది ఈదకుండా ఊరికే నీటికి అడ్డంగా ఒళ్లు పెట్టినా చాలు, ప్రవాహం మొత్తం దాని పక్కటెముకల మీద పడి లైనును లాగుతుంది. పడవను చేప కంటే దిగువకు తీసుకెళ్తే అదే ప్రవాహం మీ వైపు పనిచేస్తుంది.

ముడి, లీడర్, ముల్లు

పండుగప్ప నోరు గరుకు కాగితం లాంటిది, దవడ పక్కన చెక్కిలి ఎముక అంచు కత్తిలా ఉంటుంది. దాని నోటి దగ్గర సన్న నైలాన్ నిమిషం కూడా నిలవదు. అందుకే ప్రధాన లైను ఎంత సన్నదైనా, చివర 10 నుంచి 15 కిలోల లీడర్, అంటే ముల్లుకు ముందు కట్టే లావు లైను ముక్క, ఉండాలి. పొడవు అర మీటరు నుంచి మీటరు చాలు. ఐజీఎఫ్ఏ నియమాల ప్రకారం ఉప్పునీటి చేపలకు 10 కిలోల క్లాసు వరకు లీడర్ 4.57 మీటర్లు మించకూడదు, లీడర్, డబుల్ లైను (రెండు పేటలు చేసిన ప్రధాన లైను భాగం) కలిపి 6.1 మీటర్లు మించకూడదు. మామూలు వేటలో అంత పొడవు అవసరమే పడదు.

0.16 మందం లైనును 0.50 మందం లీడర్‌కు నేరుగా కడితే సన్నది లావుదాని మీద జారి తనను తానే కోసుకుంటుంది. నమ్మకమైన దారి ఇది: సన్న లైనును ముందు బిమినీ ట్విస్ట్‌తో రెండు పేటలు చేసి, ఆ రెండు పేటలను లీడర్‌కు ఆల్బ్రైట్ ముడితో కట్టడం. బిమినీ బాగా పడితే లైను బలం దాదాపు మొత్తం నిలుస్తుంది. అందుకే దీన్ని చీకట్లో కూడా కట్టగలిగేంత సాధన చేయాలి.

అరవై సెంటీమీటర్ల మడత తీసి, మడత కొసలో చెయ్యి పెట్టి ఇరవై ఐదు, ముప్పై సార్లు తిప్పండి. మడతను రెండు మోకాళ్లకూ తగిలించి, మోకాళ్లు మెల్లగా ఎడం చేయండి, మెలికలు బిగుసుకుంటూ పైకి జరుగుతాయి. ఒక చేత్తో ప్రధాన లైనును బిగువుగా పట్టి, రెండో చేతిలో ఉన్న తోకను దానికి లంబంగా తెచ్చి కాస్త సడలిస్తే, అది మెలికల మీదుగా తనంతట తానే వరుసగా కిందికి చుట్టుకుంటూ పోతుంది. ఈ చుట్లు ఒకదాని పక్కన ఒకటి పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే తెంపేసి మళ్లీ మొదలుపెట్టడమే. మెలికల అడుగుకు చేరాక వేలితో అక్కడ నొక్కి పట్టి, మడత ఒక పేట మీద ఒక సగం ముడి వేయండి. తర్వాత రెండు పేటలనూ కలిపి తోకను నాలుగుసార్లు లోపలి వైపుగా చుట్టి, ఉమ్మితో తడిపి బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికే నైలాన్ బలం పోతుంది. ఏ ముడికైనా ఇదే వర్తిస్తుంది.

ముల్లు విషయంలో చాలామంది తిరగేసి ఆలోచిస్తారు. పెద్ద చేప కదా, లావు ముల్లు కావాలనుకుంటారు. చేప ఎంత పెద్దదైనా, ముల్లును లోపలికి దించే బలం మీ డ్రాగ్ దాటి ఉండదు. అర కిలో లాగుడుతో లావు తీగ ముల్లు ఎముక నోట్లో దిగదు, ఊరికే ఆనుకుని ఉండి చేప ఎగరగానే ఊడిపోతుంది. సన్న తీగతో చేసిన 1/0 నుంచి 3/0 ఒంటి ముల్లు సరిపోతుంది. బరువు లైను మీద అయితే ఈ ముల్లు సాగి నిటారైపోయేది, ఇక్కడ దాన్ని సాచేంత బలం ముల్లు దాకా రానే రాదు. గోటి మీద ఆనించి లాగితే జారకుండా గుచ్చుకోవాలి, జారిందంటే పదును పెట్టాలి. ముల్లు వెనకకు తిరిగిన పన్నును పటకారుతో నొక్కేస్తే ఇంకా సులువుగా దిగుతుంది, చేపను వదిలేటప్పుడూ మేలే. లూర్‌కు (కృత్రిమ ఎరకు) ఉన్న మూడు కొమ్ముల ముళ్లు తీసేసి ఒంటి ముళ్లు వేసుకోవాలి. ఒకేసారి మూడు మొనలను దించే బలం మన దగ్గర లేదు.

బతికిన బొంత పిల్లనో రొయ్యనో ఎరగా వేస్తే, మొన లోపలికి వంగి ఉండే సర్కిల్ ముల్లు మంచిది. చేప మింగి తిరిగేదాకా ఆగి, గట్టిగా కొట్టకుండా రాడ్‌ను మెల్లగా బిగిస్తే అది దవడ మూలకు వచ్చి పడుతుంది. సన్న లైనును ఎక్కువగా తెంపేది ఆ మొదటి 'కొట్టుడే' కాబట్టి, కొట్టనవసరం లేని ముల్లు సగం గండం గట్టెక్కిస్తుంది.

ఎక్కడ, ఎప్పుడు

మడ వేర్లు, వంతెన స్తంభాలు, ఆల్చిప్పల దిబ్బలు ఉన్నచోట సన్న లైనుతో పెద్ద చేప మీదకు వెళ్లడం అన్యాయం. చేప చేతికి రాదు, నోట్లో ముల్లుతో, మీటర్ల కొద్దీ లైనుతో వేర్ల మధ్య చిక్కుకుంటుంది. మాంగ్రోవ్ జాక్ లాంటి చేప మొదటి రెండు మీటర్లలోనే గూటికి పోతుంది, దానికి సన్న లైను తగదు. ఇసుక మేటలు, కాలువ అంచులు, ఇసుక అడుగు ఉన్న మొగ చుట్టుపక్కల ఖాళీ నీళ్లే ఈ పనికి సరైన చోటు. పండుగప్ప, మాగ, పార మూడూ అలాంటి చోట్లకు మేత కోసం వస్తాయి.

అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల పోట్లలో ప్రవాహం ఉధృతంగా ఉంటుంది, పైన చెప్పిన ఒరిపిడి లెక్క అంతా మీకు ఎదురు తిరుగుతుంది. అష్టమి దగ్గరి చిన్న పోట్లు, లేదా ఆటు చివర నీరు నెమ్మదించే గంట సన్న లైనుకు అనుకూలం. నీరు మేటల మీది నుంచి కాలువలోకి దిగుతుంటే చిన్న చేపలు, రొయ్యలు దానితో పాటే జారుతాయి. పెద్దవి ఆ అంచునే కాపు కాస్తాయి.

పోరు

చేప కండ రెండు రకాలు. తెల్ల కండ మెరుపు పరుగులకు, అది త్వరగా అలిసిపోతుంది. ఎర్ర కండ నెమ్మదిగా, ఎంతసేపైనా ఈదడానికి. మొదటి నిమిషంలో తెల్ల కండ బలమంతా బయటికి వస్తుంది, అప్పుడు చేయాల్సింది రాడ్ దించి పోనివ్వడమే. ఆ తర్వాత చాలామంది చేసే తప్పు భయంతో మరీ వదులుగా పట్టుకోవడం. వంద గ్రాముల లాగుడు మీద పెద్ద చేప ఎర్ర కండతో గంటల తరబడి తాపీగా ఈదుతుంది, అలసట అన్నది ఉండదు. ప్రతి నిమిషం ముల్లు రంధ్రం పెద్దదవుతుంది, లీడర్ అరుగుతుంది. మొదటి పరుగు ఆగాక డ్రాగ్‌ను ముట్టుకోకుండా, స్పూలు అంచు మీద వేలి కొసతో నొక్కి లాగుడును తెగే బరువులో మూడో వంతు దాకా తేవచ్చు. చేప కదిలితే వేలు ఎత్తేస్తే సరి. మీట తిప్పడం కంటే వేలు వేగం.

ఎంత బలంగా లాగారన్నదాని కంటే ఎటు లాగారన్నది ముఖ్యం. రాడ్‌ను నేల బారుగా పక్కకు వంచి లాగితే చేప తల తిరుగుతుంది. తల తిరిగిన చేప మళ్లీ నిలదొక్కుకోవడానికి ఒళ్లంతా కదపాలి. అది కుడికి పోతుంటే ఎడమకు, అటు అలవాటు పడగానే ఇటు మార్చాలి. పైకెత్తి లాగితే చేప తల పైకి లేస్తుంది, పండుగప్ప అయితే ఎగురుతుంది. గాలిలోకి లేచిన చేపకు నీటి ఆసరా పోతుంది, దాని అసలు బరువు అప్పుడు లైను మీద పడుతుంది. అది ఎగరబోతోందని లైను నీటిలో పైకి లేవడం చూస్తే తెలుస్తుంది. వెంటనే రాడ్ కొసను దాని వైపు దించి లైను సడలించాలి.

చిక్కుల వైపు పోతున్న చేపను ఆపలేకపోతే డ్రాగ్ పూర్తిగా వదలడం కొన్నిసార్లు పనిచేస్తుంది. చేప లాగుడుకు ఎదురు తిరుగుతుంది, లాగుడే లేకపోతే పరుగు ఆపి నెమ్మదిస్తుంది. అప్పుడు పడవను అవతలి వైపుకు తెచ్చి, సుతారంగా తల తిప్పి, ఖాళీ నీళ్లలోకి నడిపించొచ్చు.

చివరి పది మీటర్లలోనే ఎక్కువ చేపలు పోతాయి. కారణం పొడవే. యాభై మీటర్ల నైలాన్ పది మీటర్ల దాకా సాగగలదు, ఐదు మీటర్ల నైలాన్ ఒక్క మీటరే. కుషన్ పోయింది, చేప పడవను చూసి మరో పరుగు తీస్తుంది. ఇక్కడ డ్రాగ్ మూడో వంతు తగ్గించి, మిగిలిన పని 2.1 మీటర్లు దాటిన మెత్తటి రాడ్‌కు వదలాలి. పొట్టి, బిరుసు రాడ్ ఈ ఒక్కచోటే ఓడిపోతుంది. చేతివలను ముందే నీళ్లలో ముంచి కదలకుండా ఉంచాలి, చేపను దాని మీదకు తల వైపు నుంచి తేవాలి. వలతో చేపను తరిమితే తోక తగిలి లైను తెగుతుంది. లీడర్‌ను చేతికి చుట్టుకోకుండా, అది లాగితే జారిపోయేలా వేళ్లతో మాత్రమే పట్టాలి.

చేప ప్రాణం

పోరు పొడుగయ్యే కొద్దీ చేప కండలో లాక్టిక్ ఆమ్లం చేరుతుంది, వెచ్చటి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి కోలుకోవడం ఇంకా కష్టం. పండుగప్ప మగగా పెరిగి, పెద్దయ్యాక ఆడగా మారే జాతి, అంటే పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే. వదిలేద్దామనుకునే చేపతో ఇరవై నిమిషాలు దాటితే పడవతో దగ్గరకు వెళ్లి కాస్త గట్టిగా లాగి ముగించండి, తెగితే తెగనివ్వండి. సొరచేపలో మొసళ్లో తిరిగే నీళ్లలో అసలు మొదలుపెట్టొద్దు, అలసిన చేప వాటికి సిద్ధంగా ఉన్న మేత.

వదిలేటప్పుడు దవడ పట్టి నిలువునా వేలాడదీయకండి, పెద్ద చేప బరువుకు దవడ కీలు, వెన్ను దెబ్బతింటాయి. రెండు చేతులతో అడ్డంగా పట్టి, మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి నీళ్లలోనే ఉంచాలి. మొప్పలు నిదానంగా ఒకే లయలో ఆడి, తోక పట్టిన చేతిని అదే విదిలించుకునేదాకా వదలొద్దు.

తర్వాత రాడ్ చేతికి తీసుకోగానే మొదటి ఇరవై మీటర్ల లైను వేళ్ల మధ్య నెమ్మదిగా జార్చి చూడండి. గరుకు తగిలిన చోటికి పైన ఒక మీటరు వదిలి కోసేయాలి. 0.16 లైను మందం పదో వంతు అరిగితే కోత వైశాల్యంలో దాదాపు ఐదో వంతు పోయినట్టే, గీత పడితే అంతకంటే ఎక్కువ. గైడ్ల లోపలి రింగుల్లో చిన్న దూది పింజ తిప్పండి, పోగు పట్టుకున్నచోట పగులు ఉంది. బిమినీ మళ్లీ కొత్తగా కట్టాలి, పాతది చూడ్డానికి ఎంత బాగున్నా సరే.